లప్పం చెప్పిన గుట్టు

బస్సు డిపోలో ఆ కండక్టరమ్మకి ‘ఏడున్నర’ అనే పేరు స్థిరపడి పది నెలలైంది. అది ఆమె ఎక్కే బస్సు టైము కాదు, ఆమె పిస్తోలు గుళ్లు పడే చోటు. గురి అట్టని గడియారం అనుకుంటే, నడుమనున్న పది పాయింట్ల చుక్కని వదిలేసి, కిందికీ ఎడమకీ జారి, ఏడుకీ ఎనిమిదికీ మధ్య పోయి కూర్చునేవి. ఎక్కడికో పోయే బస్సు అలవాటుగా డిపోకే తిరిగొచ్చినట్టు.

ఏటా ఒకసారి ఊళ్లోని ఆఫీసుల మధ్య గాలి పిస్తోలు పోటీ జరుగుతుంది. జట్టుకి ముగ్గురు, మనిషికి నలభై దెబ్బలు. ఆరేళ్లుగా షీల్డు కరెంటాఫీసు వాళ్ల అద్దాల బీరువాలోనే ఉంది. పోయిన ఏడు అది బస్సుల వాళ్ల చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఆఖరి మనిషి ఆఖరి దెబ్బకి ఎనిమిది పాయింట్లు తెచ్చినా చాలేది. ఆ ఆఖరి మనిషి ఈమె. తెచ్చింది నాలుగు. సరిగ్గా ఏడున్నర మీద.

ఆ మర్నాటి నుంచి క్యాంటీన్లో అడుగు పెడితే చాలు, ఎవరో ఒకరు వాచీ చూసుకునేవారు. “టైమెంతైందిరా?” అంటే “ఏడున్నర” అనడం, అందరూ టీ గ్లాసుల్లోకి నవ్వుకోవడం. ఆమె కూడా నవ్వేది. పైకి.

ఈ ఏడు పోటీకి రెండు నెలలుందనగా మేనేజరు జట్టు కెప్టెన్ని పిలిచాడు. కెప్టెనంటే ఆమె ఎక్కే బస్సు డ్రైవరే.

“వర్క్‌షాపులో మెకానిక్కొకడున్నాడు, బాగా కొడతాడట. ఆవిడ చోట్లో వాణ్ణి వేద్దాం.”

“ఈ ఒక్కసారికి ఆవిడనే ఉంచండి సార్. ఈసారీ అక్కడే పడితే ఆవిడతో పాటు నేనూ తప్పుకుంటాను.”

బయటికొచ్చి ఆ మాట ఆమెకి చెప్పి, “భయపడకు చెల్లెమ్మా, నా చోటు పోయినా నాకేం కాదు. స్టీరింగు ఉందిగా” అన్నాడు. భయపడొద్దన్నాక ఆమెకి అసలు భయం మొదలైంది.

సాధన చేసేది పాత టైర్ల గోదాములో. ఒక చివర ఇనుప బల్ల, పది మీటర్ల అవతల గోడకి అట్టలు, తాడు లాగితే అట్ట మనిషి దగ్గరికొచ్చే ఏర్పాటు. నేర్పేది సైన్యంలో చేసి దిగిన మాస్టారు. ఆయన మాట తక్కువ, మీసం ఎక్కువ.

“ట్రిగ్గర్ని గుంజకమ్మా. తలుపు కొట్టి ఆగినట్టు ఆగు. అదే తెరుచుకుంటుంది.”

“ఆగుతున్నాను మాస్టారూ.”

“ఆగట్లేదు. చప్పుడుకి జంకుతున్నావు.”

ఆమెకి ఆ మాట మింగుడు పడలేదు. తాగొచ్చి సీట్లో పడుకున్న వస్తాదుల్ని కాలరు పట్టి దింపిన చెయ్యి అది. గాలి పిస్తోలు చేసే చప్పుడు తన బస్సు తలుపు చేసే చప్పుడులో పావు వంతు లేదు. అయినా అట్ట తాడు మీద కదిలొచ్చి ముందు నిలబడితే, మళ్లీ అదే చోటు. ఆమెకి ఎదురు తెచ్చిన సాక్ష్యంలా.

“ట్రిగ్గరు నొక్కితే మధ్యలో ఇసుకలా తగులుతుంది మాస్టారూ. కాస్త తేలిక చేయరా?” అని అడిగింది ఒకరోజు.

“తేలిక చేస్తే దొంగ దాక్కుంటాడు గానీ పోడు. పైగా అరకిలోకి తగ్గితే పోటీలో ఒప్పుకోరు” అన్నాడాయన.

ఇక మిగిలింది పిడి. ఆ చెక్క పిడి ఎవరో భారీ మనిషి చేతికి చెక్కింది. ఆమె చేతిలో తమ్ముడి ఒంటి మీద అన్న చొక్కాలా వదులుగా ఊగేది. ఊగకుండా ఉండాలని ఆమె ఉడుము పట్టు పట్టేది. ఇంటికొచ్చేసరికి అరచెయ్యి ఎర్రగా కందిపోయేది.

ఆ చెయ్యి మామగారి కంట్లో పడింది. ఆయన జీవితమంతా పనిముట్లకి పిడులు చేసినవాడు. ఉలికీ, సుత్తికీ, రంపానికీ. పిడి చేసేవాడు చెక్కని చూసే ముందు చెయ్యి చూడాలన్నది ఆయన లెక్క. కోడలి అరచెయ్యి తిప్పి చూసి, “ఇది పిడి పెట్టిన బాధే. ఆదివారం నేనొస్తాను” అన్నాడు.

“పిస్తోళ్లకి పిడులు కూడానా? ఈ వయసులో యుద్ధానికి పోతారేమో చూడండి” అంది అత్తగారు వంటింట్లోంచి.

ఆదివారం ఆయన పనిముట్ల సంచీతో గోదాములో దిగాడు. సాధనకొచ్చిన డ్రైవరూ అక్కడే ఉన్నాడు. మాస్టారు మీసం ఒకసారి దువ్వుకుని పిస్తోలు ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి ఇచ్చాడు. మామగారు దానికేసి కొత్త అల్లుణ్ణి చూసినట్టు అన్ని వైపుల నుంచీ చూశాడు. ఎక్కువైన చోట ఆకురాయితో అరగదీశాడు. తక్కువైన చోట పెట్టడానికి రంపపు పొట్టూ జిగురూ కలిపి, లప్పం ముద్ద చేసి, పిడి చుట్టూ మెత్తాడు.

“పట్టుకో అమ్మాయ్. రోజూ ఎలా పట్టుకుంటావో అలా. నాకోసం మంచిగా పట్టుకోకు.”

ఆమె చెయ్యి చాపి గురి చూసింది. అలవాటు కొద్దీ ట్రిగ్గరు నొక్కేసింది. ఖాళీ పిస్తోలు టక్కుమంది.

మామగారు ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి కళ్లజోడు సవరించుకున్నాడు. లప్పం మీద వేళ్లు పడుకున్న గుర్తులుండాలి. కానీ ఉంగరం వేలూ చిటికెన వేలూ ఉన్న చోట నాగలి పోయినట్టు చాళ్లున్నాయి. లప్పం కిందికీ లోపలికీ ఈడ్చుకుపోయింది.

ఆయన చాళ్లు పూడ్చి నున్నగా చేశాడు. “మళ్లీ పట్టుకో. ఈసారి ట్రిగ్గరు ముట్టుకోకు.”

పట్టుకుంది. వదిలింది. గుర్తులు శుభ్రంగా పడ్డాయి, పసిపిల్ల దిండు మీద తలపెట్టి లేచినట్టు.

“ఇప్పుడు పట్టుకుని నొక్కు.”

నొక్కింది. మళ్లీ చాళ్లు.

మామగారు గడ్డం గోక్కుంటూ, “అమ్మాయ్, నీ టిక్కెట్లు కొట్టే పంచి ఉందా?” అన్నాడు.

ఆమె సంచీలోంచి తీసింది. దాని పిడికీ కాస్త లప్పం అద్ది, ఒక టిక్కెట్టు కొట్టమన్నాడు. ఆమె కొట్టింది. ఆయన పంచినీ పిస్తోలునీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండింటి మీదా అవే చాళ్లు, అవే లోతు. ఒక తల్లి పిల్లల్లా.

“పన్నెండేళ్లుగా రోజుకి వెయ్యి టిక్కెట్లు కొడుతున్నావు. ఒక వేలు కదిలితే మిగతా నాలుగూ పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లిపోతున్నాయి. పిస్తోలు మూతి కిందికీ ఎడమకీ తిరక్క ఏం చేస్తుంది పాపం?”

డ్రైవరు నోరు తెరిచి, “అయితే మా చెల్లెమ్మ ఇన్నాళ్లూ కరెంటాఫీసు వాళ్లకి టిక్కెట్లు కొట్టిందన్నమాట!” అన్నాడు.

ముందుగా నవ్వింది ఆమే. ఈసారి లోపలి నుంచి.

మాస్టారు మాత్రం ఆ చాళ్ల మీద వేలు పెట్టి చూశాడు. “ముప్పై ఏళ్లు అందరి చూపుడు వేలే చూశాను. పక్క వేళ్ల సంగతి చూడలేదు. జంకు అన్నాను చూడూ, అది తప్పమ్మా” అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట అంతకుముందెవరూ వినలేదు.

రోగం తెలిసింది గానీ పన్నెండేళ్ల అలవాటు పొమ్మంటే పోయేదా? మర్నాడే ఆమె పంచిని ఎడమ చేతికి మార్చింది. టిక్కెట్టుకి మధ్యలో పడాల్సిన చిల్లు మూలకి పడేది. “కొత్తగా చేరావా అమ్మా?” అని రోజూ ఎక్కే వాళ్లే అడిగారు. కుడి చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని, మూడు వేళ్లూ బొటనవేలూ కదలకుండా, చూపుడు వేలొక్కటే మెల్లగా మడిచి చాచేది. మడవడం, చాచడం. వెనక సీట్లోని ఒకాయన ఆ వేలికేసి చూసి చూసి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి చిల్లర చేతిలో పెట్టాడు.

“కనిపెట్టేశావన్నమాట. ఇవ్వమ్మా టిక్కెట్టు. అంతలా పిలవాలా అందరి ముందూ?”

ఇంట్లో గరిటె పట్టుకున్నా అదే సాధన. అత్తగారు నడుమున చేతులు పెట్టుకుని, “ఎవరిని బెదిరిస్తున్నావే ఆ వేలితో? ఈ వంటింట్లో ఉన్నది నేనొక్కదాన్నే” అంది.

లప్పం ఆరి, చెక్కలో చెక్కలా కలిసిపోయింది. మామగారు దాన్ని గాజు కాగితంతో రుద్ది నునుపు చేశాడు. ఇప్పుడు ఆ పిడి ఆమె చేతిని అడిగి పుట్టినట్టుంది. గట్టిగా పట్టాల్సిన పని లేదు. గుళ్లు ఏడున్నర వదిలి మెల్లగా పైకి పాకాయి. ఒక వారం ఎనిమిది పాయింట్ల గీతలో, ఒక వారం తొమ్మిది పాయింట్ల గీతలో. ఒక్కోరోజు మళ్లీ పాత గూటికే పోయేవి. అలాంటి రోజు ఆమె పిస్తోలు పెట్టేసి, ఊరికే చెయ్యి చూసుకుంటూ కూర్చునేది.

పోటీ రోజు వచ్చింది. పెద్ద హాలు, వరసగా పది బల్లలు, వెనక కుర్చీల్లో ఆఫీసుల జనం, వాళ్ల మధ్య మామగారూ అత్తగారూ. మొదట పిస్తోళ్ల తనిఖీ. ట్రిగ్గరుకి అరకిలో గుండు తగిలించి పైకెత్తుతారు. ట్రిగ్గరు ఆ బరువు ఆపాలి. ఆమె పిస్తోలు ఎత్తారు. గుండు నేల వదిలీ వదలకముందే టక్.

“చెల్లదు. పది నిమిషాల్లో సరిచేసి తెండి” అన్నాడు తనిఖీ ఆఫీసరు.

ఆమె మొహం పాలిపోయింది. డ్రైవరు మొహం అంతకన్నా పాలిపోయింది. “నేనే చెల్లెమ్మా. ఇసుక తగులుతుందన్నావని నిన్న సాయంత్రం మరను పావు చుట్టు వదులు చేశా. మంచి చేద్దామనే...”

“నీ మంచి నీ బస్సుకి చెయ్యి నాయనా!” అని మాస్టారు పళ్లు బిగించి మర తిప్పాడు. హడావిడిలో అది మునుపున్న చోటుకంటే కాస్త ముందుకే పోయింది. గుండు లేచింది, ఆగింది, తనిఖీ గట్టెక్కింది. కానీ ట్రిగ్గరు మారిపోయింది. మర మళ్లీ తిప్పి మళ్లీ తూచే వ్యవధి లేదు.

పరీక్ష దెబ్బలకి కొంత సమయమిస్తారు. పక్క బల్లల మీద టపటపా పేలుతుంటే, ఆమె మొదట గురి వంక చూడనే లేదు. వేలు ట్రిగ్గరు మీద పెట్టి, కొత్త చుట్టంతో మాట కలిపినట్టు మెల్లగా నడిపింది. కాస్త దూరం తేలిగ్గా వచ్చింది. తర్వాత గోడ తగిలినట్టు ఆగింది. ఆ గోడ దగ్గర ఇదివరకటి కంటే ఒక వీసం ఎక్కువ బరువుంది. ఇసుక కూడా ఉంది, రెండే రెండు రేణువులంత. అవి దాటాక జారింది.

ఇంత ఉందా ట్రిగ్గర్లో, అని ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లూ అరచేతిలో సంత జరుగుతుంటే ఒక్క వేలు చెప్పే మాట వినపడేదెట్లా? ఈరోజు నాలుగు వేళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాయి.

డ్రైవరు ముగించాడు. జట్టులో మూడో మనిషి స్టోరు కీపరు ముగించాడు. కరెంటాఫీసు ముగ్గురూ ముగించారు. ముప్పై అయిదు దెబ్బలయ్యేసరికి లెక్క తేలింది. ఆఖరి అట్ట మీద, అయిదు దెబ్బలకి, ఆమె నలభై ఆరు తేవాలి. అంటే అన్నీ తొమ్మిదులైనా చాలవు, ఒకటైనా పది పడాలి. లెక్క ఆమెకెవరూ చెప్పలేదు. కానీ వెనక కుర్చీల్లో గుసగుసలు ఆగిపోవడం ఆమె వీపుకి తెలిసింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

అయిదోదానికి చెయ్యి లేపింది. వేలు గోడ దగ్గరికి వెళ్లి ఆగింది. సరిగ్గా అప్పుడే చిటికెన వేలు, పాత చుట్టం తలుపు తోసినట్టు, కాస్త బిగుసుకుంది. ‘ఇప్పుడే నొక్కు, అయిపోతుంది’ అంది మనసు. పోయిన ఏడూ ఇదే మాట అంది.

ఆమె పిస్తోలు దించి బల్ల మీద పెట్టేసింది.

వెనక జనం ఒక్కసారిగా ఉసూరుమన్నారు. “ఏమైంది?” “చెయ్యి పడిపోయిందా?” మామగారొక్కడే కదల్లేదు. ఆమె చెయ్యి విదిలించుకుంది. వేళ్లు ఒక్కొక్కటే పిడి చుట్టూ, వాటి వాటి గుంటల్లో పడుకోబెట్టింది. మళ్లీ లేపింది. తేలిక. గోడ. ఇసుక రేణువు. రెండో రేణువు.

ఎప్పుడు పేలిందో ఆమెకే తెలియలేదు.

తాడు లాగితే అట్ట ఊగుతూ వచ్చింది. నడిమధ్య ఒకటే పెద్ద చిల్లు, ఉడత కొరికినట్టు. దాని అంచునే ఇంకొకటి. ఏడుకీ ఎనిమిదికీ మధ్య తెల్లటి కాగితం తప్ప ఏమీ లేదు. ఆఫీసరు కొలబద్ద పెట్టి చూసి, “నాలుగు పదులు, ఒక తొమ్మిది. నలభై తొమ్మిది” అన్నాడు.

డ్రైవరు వేసిన కేకకి కరెంటాఫీసు కెప్టెను చేతిలో టీ ఒలికింది. మాస్టారు మీసం దువ్వబోయి, కళ్లు తుడుచుకుని, మళ్లీ మీసం దువ్వాడు. అత్తగారు కుర్చీల వరసలన్నీ దాటుకుంటూ వచ్చి, “మా కోడలే. నా వంటింట్లోనే నేర్చుకుంది” అని కనిపించిన వాళ్లందరికీ చెప్పింది.

కరెంటాఫీసు కెప్టెను దగ్గరికొచ్చి అట్ట చూశాడు. “అయిదూ ఇందులోనే ఉన్నాయా?” అన్నాడు నమ్మలేక.

ఆమె సంచీలోంచి ఒక బస్సు టిక్కెట్టు చింపి ఆ చిల్లుల మీద పెట్టింది. అయిదూ దాని కింద దాక్కున్నాయి. ఒక్కటీ బయటికి తొంగిచూడలేదు.

“ఎక్కండి. చోటుంది” అంది.

ఆయన కూడా నవ్వక తప్పలేదు.

షీల్డు ఇప్పుడు డిపో అద్దాల బీరువాలో ఉంది. పక్కన ఆ అట్ట, దాని మీద సూదితో గుచ్చిన ఆ టిక్కెట్టు, కింద లప్పం చాళ్లున్న పాత పంచి. కొత్తగా చేరినవాళ్లు టిక్కెట్టెందుకని అడిగితే, క్యాంటీన్ నుంచి ఎవరో ఒకరు లేచొచ్చి మొదటి నుంచీ చెబుతారు. పేరు మాత్రం మారలేదు. “ఏడున్నరా!” అని డిపో ఆ చివర నుంచి కేకేస్తే, ఆమె ఈ చివర నుంచి, చెయ్యెత్తి, డిపో అంతా వినపడేలా “ఆఁ!” అంటుంది.