ఆలివ్ కాయల జాడీ

చైనాలోని శాంతౌ రేవు సుంకం షెడ్డులో పదిహేడేళ్ళుగా తూకం వేస్తున్న ఖో బూన్‌సెంగ్‌కి, ఆ జాడీ ఎత్తగానే కుడిచెయ్యి చల్లబడింది. కాగితంలో ఉప్పులో ఊరేసిన ఆలివ్ కాయలని ఉంది. కాయలైతే అంత తేలిగ్గా ఉండవు.

నిరుడూ ఇలాంటిదే ఒక జాడీ వచ్చింది. అనుమానపడ్డ సుంకం దొర ఇనప చువ్వ దించి చూడమన్నాడు. బూన్‌సెంగ్ దించాడు. టక్కుమంది. అడుగున కాళ్ళ ఎముకలు, పైన పుర్రె, మనిషి కూర్చున్నట్టే పేర్చి ఉన్నాయి. సొంతూళ్ళో పూడ్చడానికి చచ్చినవాణ్ణి తీసుకెళ్తున్నామంటే ఓడవాళ్ళు ఎక్కనివ్వరు కనక కాయలని రాయించారు పాపం. తప్పుడు సరుకని దొర జప్తు చేసి గోదాములో పెట్టించాడు. ఆ ఏటి తుఫానుకి గోదాము సముద్రంలో కలిసిపోయింది. చప్పుడు మాత్రం బూన్‌సెంగ్ చేతిని వదల్లేదు. గంజి గిన్నె పట్టుకున్నా అదే, కూతురికి జడ వేసినా అదే.

"లోపల ఎవరమ్మా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

జాడీ తెచ్చిన ముసలామె పేరు లియావ్ సోక్‌హుయ్. "బట్టలు నాయనా. నిరుడు నువ్వు తల పగలగొట్టావే, మా ఆయనవి. ఎముకలు లేకపోతే ఆత్మని బట్టల్లోకే పిలుచుకుని పూడ్చుకోవాలి కదా. పొద్దుట్నించీ పిలుస్తున్నా. నీ త్రాసు దగ్గర్నుంచి కదలడు. నువ్వు పిలిచి చూడు."

బూన్‌సెంగ్ వాసన చూస్తున్నట్టు వంగాడు. "అన్నా, నీళ్ళు దాటాలి, రా" అన్నాడు జాడీ మూతిలోకి.

"ఏముంది అందులో?" అన్నాడు దొర.

"కాయలే దొరా."

జాడీ ఎత్తుకుని ఓడ దాకా వెళ్ళిన ముసలామె వెనక్కి వచ్చేసింది. "రానంటున్నాడు. కాయలని రాయించుకుని ఒకసారి బయల్దేరాను, ఆ సుఖం చాలు, మళ్ళీ కాయల పేరున కదలనంటున్నాడు."

బూన్‌సెంగ్‌కి సిగ్గేసింది. ఆయన పేరు అడిగి, కాగితంలో కాయలు కొట్టేసి, "సరుకు: చువా కిమ్‌హోక్ అనే మనిషి" అని రాసి పైకి చదివాడు. అది విన్న ఓడవాళ్ళు ఓడెక్కే పలక లాగేశారు.

"ఇప్పటిదాకా కాయలన్నావు, ఇప్పుడు మనుషులా? రేపట్నించి రాకు" అన్నాడు దొర.

బూన్‌సెంగ్ జాడీని భుజానికెత్తుకున్నాడు. ఆమె ఊరు నడిస్తే ఎనిమిది రోజులు. దారిలో వంతెన వచ్చినప్పుడల్లా, "అన్నా, వంతెన దాటుతున్నాం, జాగ్రత్త" అని అందరూ వినేలా చెప్పాడు. మొదటి మూడు రోజులూ జాడీ తేలిగ్గానే ఉంది. నాలుగో రోజు ఒక వెదురు వంతెన మధ్యలో జాడీ బరువుకి అతని భుజం కుంగిపోయింది.

"ఏమైంది నాయనా?"

"వచ్చాడమ్మా."

సోక్‌హుయ్ జాడీ మీద చెయ్యి వేసి చాలాసేపు నిమిరింది.

"తల ఇంకా నొప్పెడుతోందేమో అడుగు" అంది.