కనకలక్ష్మి భూకంపాలు

దీవుల్లో, మిన్నీ బే తీరాన ఆ గవర్నమెంటు క్వార్టర్ల లైనులో కనకలక్ష్మి భూకంపాలంటే తెలియనివాళ్ళు లేరు. అసలు భూకంపాలు వేరు, ఇవి వేరు. సునామీ వచ్చిన ఆ డిసెంబరు తర్వాత నెలల తరబడి నేల కుదురుగా లేదు. మంచం ఒక్కసారి ఊగితే చాలు, పిల్లల్ని చంకన వేసుకుని జనం రోడ్డు మీద పడేవారు. ప్రతి గుమ్మం పక్కనా కార్డులూ సర్టిఫికెట్లూ కుక్కిన సంచి ఒకటి మేకుకు వేలాడుతూ ఉండేది. అలాంటి రోజుల్లో ఈవిడ, నేల కదిలినా కదలకపోయినా, "భూకంప్! భూకంప్ ఆయా!" అని గుండెలదిరేలా అరుస్తూ వీధిలోకి పరుగెత్తుకొచ్చేది. లైనంతా తలుపులు తెరుచుకుని బయటపడేది. తీరా చూస్తే కొళాయి కింది బకెట్లో నీళ్ళు తొణకను కూడా తొణికేవి కావు.

తిట్టుకుంటూ లోపలికి పోయేవారు. చివరికి ఆ లైనుకు పెద్దమనిషిగా చెలామణీ అయ్యే శేషయ్య మాస్టారే, మిడిల్ పాయింట్‌లో కొత్తగా తెరిచిన సహాయ సంస్థకు కబురు పెట్టాడు, ఈ పిచ్చికి ఏదైనా దారి చూడమని. అలా ఆ ఇంటికి వచ్చింది నూకరత్నం.

నూకరత్నం ఈ దీవుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. తాత కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. సునామీకి భయపడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ధైర్యం చెప్పడానికి తెలుగూ హిందీ వచ్చిన ఆడవాళ్ళు కావాలని ఆ సంస్థ అడిగితే చేరింది. చేరగానే శిక్షణ ఇచ్చారు. సముద్రమంటే భయమేస్తోందా, నిద్ర పడుతోందా, పిల్లలు ఉలిక్కిపడుతున్నారా అని అడగమన్నారు. మొగుడంటే భయమా అని అడగమని మాత్రం చెప్పలేదు. సముద్రం తప్ప ఇంకేదీ మనిషిని భయపెట్టదని వాళ్ళ లెక్క కాబోలు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మాటలన్నీ మొగుడు గోపినాథే మాట్లాడాడు. స్టోర్సులో గుమాస్తా. లైనులో మంచి పేరుంది. సునామీ రోజుల్లో గ్రౌండులో అందరికీ కిచిడీ వండి వడ్డించిన మనిషి. ఇతని అన్నను కార్ నికోబార్‌లో సముద్రం పట్టుకుపోయిందని అందరికీ జాలి కూడాను.

"ఏం చెప్పమంటారు దీదీ, ఆ రోజు నుంచీ ఇదే వరస. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి గజగజా వణుకుతా ఉంటది" అన్నాడు గోపినాథ్, కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటూ.

కనకలక్ష్మి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నూకరత్నం తనకు నేర్పిన పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. ఆ కేకకు అందరూ పరుగెత్తుకొచ్చినకొద్దీ ఆమెలో భయం ముదురుతుందనీ, ఈసారి అరిచినా ఎవరూ బయటికి రావద్దనీ, కొంతకాలానికి అదే తగ్గుతుందనీ చెప్పింది. వెళ్తూ వెళ్తూ కొళాయి దగ్గర ఆడవాళ్ళకూ అదే చెప్పింది. లైనంతా హమ్మయ్య అనుకుంది. గుమ్మంలోంచి కనకలక్ష్మి ఆమెకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకు పిచ్చిచూపని పేరు పెట్టేసుకుని నూకరత్నం బస్సెక్కేసింది.

మళ్ళీ వెళ్ళేసరికి గోపినాథ్ డ్యూటీలో ఉన్నాడు. కనకలక్ష్మి కుడిచేతికి పిండికట్టు ఉంది. ఎడంచేత్తో టీ వడకడుతోంది.

"ఏటైనాదే తల్లీ ఆ చెయ్యి?"

"బాత్రూంలో జారిపోనాను దీదీ."

"అరుపులు తగ్గాయని మాస్టారు చెప్పారు. నిజవేనా?"

కనకలక్ష్మి టీ గ్లాసు కింద పెట్టింది. ఇక దాచుకోవడానికి తన దగ్గర ఏమీ మిగల్లేదన్నట్టు మాట్లాడింది.

"అరిచాను దీదీ. నువ్వు రావద్దన్నావు కదా, ఎవులూ రాలేదు. తలుపులన్నీ బంద్. అప్పుడే ఇరిగింది ఈ చెయ్యి."

నూకరత్నానికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోలేకపోయింది.

"మొదట్లో 'చంపేస్తన్నాడు' అనే అరిచీదాన్ని" అంది కనకలక్ష్మి. "గోడ పక్క అసిరమ్మత్త ఇంట్లో టీవీ సౌండు పెంచీవోరు. అదే 'భూకంప్' అన్నాననుకో, సబ్ లోగ్ బయటికొచ్చేస్తారు. అతగాడూ వచ్చేస్తాడు. అందరి ముందు చెయ్యెత్తడు. నాకు సముద్రమంటే భయం నేదు దీదీ. ఆ రోజుల్లో గ్రౌండులో టార్పాలిన్ కింద అందరం పక్కపక్కన పడుకున్నాం చూడు, అప్పుడే నాను హాయిగా నిద్దరోయాను. ఇళ్ళకెలిపోవచ్చని మైకులో చెప్తే అందరూ సంబరపడ్డారు. నాకే ఏడుపొచ్చింది."

నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. వేలమందిని మింగిన సముద్రం ఒక ఆడదానికి ఆ కాసిన్ని రాత్రులు నిద్రనిచ్చిందంటే, ఆ ఇల్లు ఎలాంటి ఇల్లయి ఉండాలి! ఆ కేక విని విసుక్కున్న లైను ఎలాంటి లైను! వినవద్దని వాళ్ళకు నేర్పిన తనను ఏమనాలి!

"లే, ఇప్పుడే నాతో వచ్చెయ్. ఆఫీసు ఎనకాల గదుంది. దాని తలుపుకి గడియ లోపలే ఉంటది, బయట లేదు" అంది.

కనకలక్ష్మి కదల్లేదు. "ఇప్పుడొస్తే పాగల్‌ది పారిపోనాదంటారు. అతగాడు నిన్ను కూడా నాతో కలిపి పిచ్చిదాన్ని చేసేస్తాడు. నాకు పిచ్చని అందరితో చెప్పింది నువ్వే కదా దీదీ. నేదని కూడా నువ్వే చెప్పు. ఆ తర్వాత వస్తాను."

నూకరత్నం చెప్పులు వేసుకుంది. అక్కడి నుంచి నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళింది. లైనులో చూసినవాళ్ళో విన్నవాళ్ళో ఒక్కరు చెప్పినా చాలు, లేకపోతే మతి చెడిన మనిషి మాట పట్టుకుని ఏం చేస్తామన్నారు. ఆ ఒక్కరి కోసం ఆమె శేషయ్య మాస్టారి గుమ్మమెక్కింది.

మాస్టారు ఆవిడను కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, నెమ్మదిగా నీతులు మొదలుపెట్టాడు. "చూడమ్మా నూకరత్నం, ఆలుమగలన్నాక సవాలక్ష ఉంటాయి. గోపినాథ్ మంచివాడు. తోడబుట్టిన అన్న పోయాడు, ఆ షాకులో ఒక దెబ్బ వేసుండొచ్చు. కాదనను. సునామీ వాణ్ణి అలా చేసింది."

"నా తమ్ముణ్ణి కూడా సముద్రమే పట్టుకుపోయింది మాస్టారూ. చితికెక్కించడానికి శవం కూడా దొరకలేదు. నేనెవర్ని కొట్టాను?" అంది నూకరత్నం.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. మగవాళ్ళ చేతులకు సునామీ సాకు, ఆడవాళ్ళ నోళ్ళకు సునామీ పిచ్చి. ఎంత చక్కగా పంచిపెట్టారో! రిలీఫ్ బియ్యం కూడా ఆ లైనులో ఇంత ముచ్చటగా పంచుకోలేదు. ఎవరూ సాక్ష్యం చెప్పరని ఆమెకు తేలిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళింది. భోజనాలై, లైనంతా కునుకు తీసే వేళ. గోపినాథ్ తలుపు ఓరగా తీసి, "పడుకుంది దీదీ, మందేసుకుంది" అన్నాడు. అతని భుజం మీదుగా నూకరత్నానికి లోపలి గది తలుపు కనిపించింది. దానికి బయట గొళ్ళెం పెట్టి ఉంది. ఆమె అటు చూడటం చూసి అతను తలుపు మూసేశాడు.

నూకరత్నం కొళాయి దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల పెట్టి గొళ్ళెం వేశాడని అరిస్తే ఏమవుతుంది? టీవీలు గొంతు పెంచుతాయి. ఆ ఇంకో మాట అరిస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఆ మాట తలుచుకుంటే ఆమెకే తమ్ముడు గుర్తొస్తాడు. ముసలివాళ్ళు, పసివాళ్ళు హడలిపోతారు. పాపమే. అయినా గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"భూకంప్! భూకంప్ ఆయా! బయటికి రండీ!"

ఆఫీసు మనిషి గొంతు. కనకలక్ష్మిది కాదు. ఇక సందేహమేముంది? తలుపులు దడదడా తెరుచుకున్నాయి. శేషయ్య మాస్టారు సంచి గుండెకు హత్తుకుని బయటపడ్డాడు. అసిరమ్మ మనవరాల్ని ఈడ్చుకుంటూ వచ్చింది. అందరికంటే ముందు వచ్చినవాడు గోపినాథ్. లుంగీ ఎగగట్టి, చంకలో రేడియో పెట్టుకుని, రోడ్డు మధ్యకు వచ్చి ఆగాడు.

లైనంతా ఊపిరి బిగపట్టి నేల కదలిక కోసం చూసింది. ఆ నిశ్శబ్దంలో గోపినాథ్ ఇంట్లోంచి తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది.

"గొళ్ళెం తియ్యండి! అమ్మా, ఎవరైనా గొళ్ళెం తియ్యండి!"

ఎవరూ కదల్లేదు. నూకరత్నం లోపలికి వెళ్ళి గొళ్ళెం తీసింది. కనకలక్ష్మి పిండికట్టు చేతిని పొట్టకు అదుముకుని బయటికి వచ్చింది. చెంప వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. పట్టపగటి ఎండలో లైనంతా ఆ ముఖాన్ని చూసింది.

"భూకంపం ఏదమ్మా?" అన్నాడు మాస్టారు నీరసంగా.

"రాలేదు మాస్టారూ. అబద్ధం ఆడాను. వచ్చుంటే ఈ పాటికి ఈవిడ ఆ కప్పు కింద ఉండీది" అంది నూకరత్నం. తర్వాత అందరికీ వినపడేలా అంది: "ఈవిడకు పిచ్చని నేను చెప్పాను. తప్పు చెప్పాను. ఈవిడ అరిచిన ప్రతిసారీ అది నిజవే. ఇరిగిన చెయ్యి అదిగో, మీ కళ్ళెదురుగానే ఉంది."

గోపినాథ్ నవ్వబోయాడు. "కంగారులో... తీద్దామనుకున్నాను దీదీ. టైము దొరకలేదు."

"రేడియో తియ్యడానికి దొరికిందేటి బాబూ టైము?"

అడిగింది అసిరమ్మ. గోడ పక్కన ఇన్నాళ్ళూ టీవీ గొంతు పెంచిన అసిరమ్మ. గోపినాథ్ రేడియోను చంక మార్చుకున్నాడు. ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాడు.

"పోలీసులు అడిగితే నాను చెప్తాను రత్నం" అంది అసిరమ్మ. "అన్నీ ఇన్నాను. మొదటి రోజు నుంచీ ఇన్నాను." ఆవిడ గబగబా వచ్చి కనకలక్ష్మి మంచిచెయ్యి పట్టుకుని భోరుమంది. "తప్పయిపోనాది తల్లీ. ఇక మీద నువ్వు ఏటని అరిచినా వచ్చేస్తానే."

కనకలక్ష్మి చెయ్యి విడిపించుకోలేదు. అలాగని ఓదార్చనూ లేదు.

"నానిక్కడ ఉండను కదా అత్తా" అంది. "ఇంకెవరైనా అరిస్తే రా."

కనకలక్ష్మి నూకరత్నం వెనకే బస్సు రోడ్డు వైపు నడిచింది. లైనంతా పక్కకు తప్పుకుని దారిచ్చింది.