తడి ఆరని ఇటుక

ఆ ఆదివారం పెదనాన్న ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు: కుర్చీలో పెదనాన్న, మంచం మీద నానమ్మ, వంటింటి గుమ్మంలో పెద్దమ్మ, గోడవారన నేలమీద నాన్న, ఇటుకల బట్టీ దగ్గర మంట చూసుకునే మేస్త్రి, ఇటుకలు మోసే ఆడవాళ్లు నలుగురైదుగురు, మా సైన్సు టీచరమ్మ. నేనూ ఉన్నాను గానీ నన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. గొంతు పైకి రాదని నాకు అందరూ పెట్టిన పేరు గుసగుస.

బడిలో నేర్చుకున్నది వారానికొక ఇంట్లో పెద్దవాళ్లకు మేమే చెప్పాలన్నది టీచరమ్మ పెట్టిన పద్ధతి. మనం కాల్చేవాటి నుంచి గాలిలోకి పోయే కార్బన్ ఎలా తగ్గించాలన్నదే పాఠం. మొక్కలు నాటడం గురించి కాబోలనుకుని పెదనాన్న సంతోషంగా గది ఇచ్చాడు. ఫోటో తీస్తారేమోనని ఇస్త్రీ చొక్కా కూడా తొడుక్కున్నాడు.

బట్టీ పెదనాన్నదే. మర్నాడు దాన్ని పేర్చాలి. మంట కోసం తెప్పించిన పాత టైర్లు పక్కనే గుట్టగా పడి ఉన్నాయి. వాటిని ఇటుకల మధ్య పెట్టేది మా నాన్న. ఆ టైర్లు లోపలికి వెళ్లకూడదు. నాకు కావలసింది అంతే. డైరీలో అయితే ఈ మాట ఎంత ధైర్యంగా రాసుకున్నానో!

"ఏమే గుసగుసా, మొదలుపెట్టు. ఏ మొక్క నాటమంటావు?" అన్నాడు పెదనాన్న.

"మొక్క కాదు పెదనాన్నా. బట్టీ."

"బట్టీయా? దాన్నెక్కడ నాటాలే?"

అందరూ నవ్వారు. చెవులు సరిగా వినబడని నానమ్మ కూడా నవ్వింది.

నా మొహం వేడెక్కింది. కూర్చుందామనిపించింది. కూర్చోలేదు. ఆరబెట్టిన వరసలోంచి పొద్దున తెచ్చుకున్న పచ్చి ఇటుకను సంచిలోంచి తీసి, రెండు చేతులతో ఎత్తి నేలకేసి కొట్టాను.

"అయ్యో, నా గచ్చు!" అంది పెద్దమ్మ.

ఇటుక రెండు ముక్కలైంది. పైన తెల్లబారి ఉంది. లోపల నల్లగా ఉంది, వేలు పెడితే మట్టి అంటుకుంది. ఒక ముక్క ఆడవాళ్ల చేతికిచ్చాను.

"లోపల తడి ఆరలేదు. ఇలాగే బట్టీలో పెడితే ముందు ఆ నీళ్లు ఆవిరవ్వాలి, తర్వాతే ఇటుక కాలేది. ఆ నీళ్ల కోసం మనం టైర్లు తగలేస్తున్నాం. ఎండేదాకా ఆగితే ఊక చాలు."

"ఊక కాలితే మాత్రం పొగ రాదా అమ్మాయ్?" అన్నాడు మేస్త్రి.

"వస్తుంది. కానీ ఊకలో కార్బన్ మొన్నటి పంట గాలిలోంచి పీల్చుకున్నదే. వచ్చే పంట మళ్లీ పీల్చుకుంటుంది. టైర్లో ఉన్న కార్బన్ భూమి అడుగున పడి ఉన్న నూనెలోది. దాన్ని మనమే కొత్తగా పైకి వదులుతున్నాం. ఎండలు మండిపోతున్నాయని రోజూ తిట్టుకుంటాంగా, అందులో మన వాటా ఉంది."

ముక్క చేతులు మారుతోంది. "టైర్లేసిన రోజు బట్టలారేస్తే మసే" అంది ఒకామె.

"నీ మొగుడి చొక్కా మసి లేకుండా ఎప్పుడుందే?" అంది పక్కామె.

మళ్లీ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు.

పెదనాన్న నవ్వలేదు. "చాలించండి టీచరమ్మగారూ. చెప్పిన రోజుకి ఇటుక ఇవ్వకపోతే మాటపడేది ఎవరు? ఇదా?" అని నాన్న వైపు తిరిగాడు. "ఏరా, నీ కూతురికి నోరెప్పుడొచ్చింది?"

నాన్న నేల చూస్తున్నాడు. పెదనాన్న ఏమన్నా 'సరే' తప్ప నాన్న నోట ఇంకో మాట నేనెప్పుడూ వినలేదు.

"తప్పయిందని చెప్పి కూర్చోవే. లేదా బయటికి నడు."

"చెప్పను పెదనాన్నా." నా గొంతు వీధిలోకి వినబడింది. "రేపు పొద్దున ఇదే పాఠం బట్టీ ముందు నిలబడి చెప్తాను. ఒక్క టైరు లోపలికి వెళ్లకముందే."

గడప దాటాను. తిరిగి చూస్తే ఇటుక ముక్క నాన్న చేతిలో ఉంది. బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"తడిగానే ఉందన్నయ్యా," అన్నాడు తలెత్తకుండా. "రేపు పేర్చను. ఎండాక చూద్దాం. టైర్లు మాత్రం ఇక నా చేత్తో పెట్టను."

పెదనాన్న దిగ్గున లేచాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేక విసవిసా గుమ్మం దాకా వచ్చి, నా మొహం మీదే ధడాలున తలుపు వేశాడు.