మూడు ముద్దలు

టక్... టక్.

పింగాణీ గిన్నె అంచు మీద రెండు పుల్లలు తట్టినట్టు. ఆకలేసి కూర్చున్నవాడు ఊరికే తట్టినట్టు.

పాండు వెనక్కి తిరిగాడు.

ఎవరూ లేరు. పూండి స్టేషన్లో మిట్టమధ్యాహ్నపు ఎండ. దిగినవాడు తనొక్కడే.

ఆ చప్పుడు ఓడలో విన్నాడు. రేవులో విన్నాడు. విశాఖపట్నంలో రైలెక్కాక, పక్కనున్న ఖాళీ సీటులోంచి విన్నాడు. చప్పుడుతో పాటే వాసన — ఉడుకుతున్న అల్లం వాసన.

లీ వాసన.

లీ ఓడలో వంటవాడు. చైనా ముసలాయన. తినే ముందు రెండు పుల్లలతో గిన్నె అంచు మీద తట్టేవాడు. పాండు జ్వరంతో పడి ఉన్న తొమ్మిది రోజులూ అల్లం వేసి గంజి కాచి తాగించాడు. నుదుటి మీద తడిగుడ్డ మార్చాడు. ఒకరి మాట ఒకరికి రాదు. రావలసిన అవసరమూ పడలేదు.

ఒక ఉదయం లీ వంటగదిలో లేడు. డెక్కు మీద ఒక చెప్పు ఉంది. చుట్టూ నీళ్ళు... కనుచూపు మేరా నీళ్ళు. రెండు రోజులు వెతికి ఓడ ముందుకు కదిలింది.

అప్పుడు పాండు మూడు ముద్దలు చేశాడు. వాళ్ళ ఊళ్ళో పోయినవాడికి ముద్ద వేసేటప్పుడు చుట్టరికం చెప్పి వేయాలి. చెప్పకపోతే చేరదు.

లీ తనకేమవుతాడు?

"మా అయ్యకి" అన్నాడు. నాన్నకి.

ముద్దలు సముద్రంలో మునిగిపోయాయి. ఆ పూట నుంచే — టక్... టక్.

జీడితోటల మధ్య ఆటో పోతోంది. తోలుతున్న గోవింద్ అద్దంలోంచి చూసి నవ్వాడు.

"వాన నేదు, గీన నేదు. నీ పక్క సీటంతా తడిసిపోనాదేటి బావా? సముద్రాన్ని మూటగట్టి తెచ్చినావేటి?"

పాండు పక్కకి చూడలేదు. చూస్తే ఉంటాడని భయం.

ఇంటి ముందు తల్లి పైడమ్మ బూడిద వేసి చేపలు తోముతోంది.

"సిక్కిపోనావురా! ఓడోలు కూడెట్టనేదేటి?"

"అయ్య ఏడమ్మా?"

"నిన్న సంద్రం మీదికి ఏటకెల్లినాడు. పొద్దున్నే రావాల. ఇంకా రానేదు."

పాండు అరుగు మీద కూలబడి అంతా చెప్పేశాడు.

పైడమ్మ చేతిలోని చేప జారి బూడిదలో పడింది.

"ఏటి సేసినావురా! కన్న అయ్య బతికుండగా అయ్యకని ముద్దేసినావా? ఆడు అయ్య సోటు ఎతుక్కుంటా వొచ్చినాడ్రా! ఒకింట్లో ఇద్దరయ్యలుంటారేటి?"

"గంజి పోసినాడే అమ్మా..."

"గంజి పోసినోలందరూ అయ్యలేటి? ఎల్లు. ఒడ్డున నిలబడి మూడు గుప్పిళ్ళ ఇసక నీళ్ళలో ఎయ్యి. నువ్వు మా అయ్యవి కావని మూడుసార్లు సెప్పు. సుట్టరికం తెంపీ."

ఒడ్డు. కెరటం వస్తోంది, పోతోంది.

ఇసుక తీశాడు. నుదుటి మీద తడిగుడ్డ గుర్తొచ్చింది. వెనకాల చప్పుడు, చెవికి ఆనుకుని.

"నువ్వు మా అయ్యవి కావు."

చప్పుడు ఆగింది.

"నువ్వు మా అయ్యవి కావు."

అల్లం వాసన పలచబడింది. ఉప్పుగాలి మిగిలింది.

మూడో గుప్పిలి ఎత్తాడు —

కెరటాల మీద పడవ. పడవ ముందు నిలబడి తండ్రి, లోకనాథం.

ఇసుక వేళ్ళ సందుల్లోంచి ఒడ్డునే జారిపోయింది. పాండు మోకాటిలోతు నీళ్ళలోకి పరిగెత్తాడు.

"అయ్యా!"

సముద్రం వైపు చేతులు చాచి, గొంతు చించుకుని. "అయ్యా!"

లోకనాథం దిగాడు. తడిసి ముద్దయి ఉన్నాడు. పలకలేదు. పడవలో వాళ్ళే నవ్వుతూ చెప్పారు.

"ఇందాక ముసిలోడు నీళ్ళలో పడిపోనాడురా పాండూ! సేనాసేపు కానరానేదు. మా పేనాలు పోయినంత పనైంది. మల్లీ ఆడే తేలినాడు."

పైడమ్మ ఏడుస్తూ, తిడుతూ, వేడి అన్నం వడ్డించింది. చేపల పులుసు పోసింది. లోకనాథం తన చోటనే కూర్చున్నాడు. అన్నం వైపు చాలాసేపు చూశాడు.

చెయ్యి పెట్టలేదు.

మూలనున్న కొబ్బరి చీపురు అందుకున్నాడు. ఈనెలు రెండు లాగాడు. సమానంగా విరిచాడు.

పైడమ్మ గరిటె గాలిలోనే ఆగిపోయింది.

ఇల్లంతా అల్లం వాసన. పైడమ్మ పులుసులో అల్లం వేయలేదు.

లోకనాథం తలెత్తి పాండు వైపు చూశాడు. ప్రేమగా. జ్వరం తగ్గిందా అని అడుగుతున్నట్టు.

పాండు ఈసారి వెనక్కి తిరగలేదు.

స్టీలు కంచం అంచు మీద, మెల్లగా —

టక్... టక్.