అక్క గొంతు లిఫ్టులో కాపురం పెట్టిన సంగతి

పొద్దున్నే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందంటే చాలు, తమ్ముడు ఫోను తీసి అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టేవాడు. ఎవరడిగారని? ఎవరూ అడగలేదు. అడిగితేనే చెప్పేవాడైతే అతను అతనెందుకవుతాడు! కొత్త అప్‌డేట్ వస్తే పాతదే నయమనేవాడు. ఇంకోటి వస్తే మొన్నటిదే బాగుండేదనేవాడు. బ్యాంకు యాప్ రంగు చూస్తే కడుపులో తిప్పుతోందనీ, మనం కొట్టిన మాటని కీబోర్డు దిద్దడం మర్యాద కాదనీ, వాయిస్ మెసేజ్‌లు పంపేవాళ్ళకి పనీపాటా ఉండదనీ రాసేవాడు. పగలంతా నీళ్ళ మోటార్ల కంపెనీలో తలొంచుకుని బిల్లులు వేసే మనిషికి, ఆ బస్సు ప్రయాణంలోనే తనో పెద్దమనిషినన్న తృప్తి దొరికేది. చదివి నవ్వేవాళ్ళకీ కొదవ లేదు.

అతన్ని తమ్ముడనే అనుకుందాం. కథంతా వాళ్ళక్కతోనే ముడిపడి ఉంది మరి. ఇంటర్నెట్‌లో మాత్రం అతని పేరు ఉప్పుకారం. చిన్నప్పుడు కంచం ముందు కూర్చుంటే చాలు, ఉప్పు చాల్లేదనీ కారం ఎక్కువైందనీ ఏదో ఒక వంక పెట్టేవాడు. ఒకరోజు అక్క విసిగిపోయి, "ఒరేయ్ ఉప్పుకారం, నోర్మూసుకుని తిను" అంది. ఆ పేరు ఇంట్లో కొన్నేళ్ళు నడిచి, మీసాలొచ్చాక మరుగునపడింది. ఫోనులో ఓ పేరు పెట్టుకోమని అడిగినప్పుడు చటుక్కున అదే తట్టింది. ఆ పేరు వెనక ఉన్నది తనేనని ఇంట్లో ఎవరికీ తెలీదని అతని ధీమా.

అక్క అతనుండే అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో కూతురితో ఉంటుంది. గొంతివ్వడం ఆమె పని. "మీ కాల్ మాకు ముఖ్యం, దయచేసి వేచి ఉండండి" అని ఫోనులో ఎవరో ఓపిగ్గా చెబుతుంటే మనం తిట్టుకుంటాం చూడండి, అలాంటి పనే. కొత్తగా పెట్టిన ఓ మ్యాపుల కంపెనీ దారి చెప్పే గొంతు కావాలంటే, ఆ పని అక్కకి దొరికింది. ఇంట్లోనే బట్టల బీరువాలో కూర్చుని రికార్డు చేసింది. బయటి చప్పుడు రాకుండా చుట్టూ దుప్పట్లు కట్టాలి. అప్పుడు లిఫ్టు చెడిపోయి ఉంది, ఆ దుప్పట్లన్నీ మెట్లమీదుగా మోసింది తమ్ముడే. మండే ఎండల్లో ఆ బీరువాలో ఉడికిపోయి, బయటికొచ్చి మొహం తుడుచుకుంటూ "ఎలా ఉందిరా?" అని అడిగేది. "బాగుందక్కా" అనేవాడు. నిజంగానే బాగుండేది.

అలాంటిది, ఓ రోజు బస్సు రోడ్డు మధ్యలో కదలక మెదలక నిలబడిపోయింది. పక్క సీటాయన ఫోనులోంచి అక్క గొంతు నిదానంగా, "ఇంకొంచెం ముందుకెళ్ళి ఎడమవైపు తిరగండి" అంది. ముందుకెళ్ళడానికి సందుంటే కదా! తమ్ముడికి నవ్వొచ్చింది. నవ్వు రావడమేమిటి, చెయ్యి ఫోను మీదికి పోవడమేమిటి. "ఈమె చెప్పినట్టు వెళ్తే ఆఫీసుకి చేరం, నిద్రలోకి చేరతాం. మ్యాపు తెరిచే ముందు దిండు తెచ్చుకోండి" అని రాసేశాడు. అక్క గొంతని తెలిసే రాశాడు. ఎందుకు రాశావురా అంటే, మాట బాగా కుదిరింది, అంతే. కుదిరిన మాటని మింగే అలవాటు అతనికి చిన్నప్పట్నించీ లేదు.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. సాయంత్రానికల్లా ఆ మాట ఎక్కడెక్కడికో పాకిపోయింది. గుర్రుపెట్టే తాతల వీడియోలకీ, మీటింగుల్లో కునుకుతీసే ఆఫీసర్ల వీడియోలకీ, మీద కాళ్ళేసినా లేవని కుక్కల వీడియోలకీ అక్క గొంతు తగిలించి పంచుకున్నారు. జనానికి అంతకన్నా ఏం కావాలి! నవ్వులాట ముదిరి, కంపెనీవాళ్ళు అక్క గొంతు తీసేసి మిషను గొంతు పెట్టుకున్నారు.

ఆ సంగతి అక్కే కిందికొచ్చి చెప్పింది. ఏడవలేదు. "నా గొంతు అంత నిద్ర తెప్పిస్తుందా?" అని మాత్రం అడిగింది. తమ్ముడు తేలు కుట్టిన దొంగలా కూర్చుని, జనానికి పనేముందక్కా, రేపటికి మర్చిపోతారని సర్దిచెప్పాడు. అలా అంటున్నప్పుడే తన మీద తనకి రోత పుట్టింది. అయినా నిజం చెప్పలేదు.

మర్నాడు పొద్దున అక్క కూతుర్ని లేపుదామని నోరు తెరిస్తే మాట రాలేదు. అదే వేళకి లిఫ్టులో పాలపాకెట్లవాడికి, "ఎడమవైపు మూడో తలుపు" అని అక్క గొంతు చెప్పింది. వాడు సరేనమ్మా అని ఎడమవైపు వెళ్ళాడు. డాక్టరు టార్చిలైటు వేసి చూసి, గొంతులో ఏ దోషమూ లేదు, గొంతే బయటికి వెళ్ళింది, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుందని చెప్పి, ఎందుకైనా మంచిదని ఉప్పునీళ్ళతో పుక్కిలించమని రాసిచ్చాడు.

గొంతు లిఫ్టులో కాపురం పెట్టింది. విసుగు పుట్టినప్పుడు ఇళ్ళకీ వచ్చిపోతుండేది. అపార్ట్‌మెంట్‌వాళ్ళు బాగానే చూసుకున్నారు. కింది అంతస్తు పెద్దాయనైతే దానికోసం బాల్కనీ తలుపు తీసిపెట్టేవాడు. కళ్ళజోడు కనబడక ఆయన తడుముకుంటుంటే, "కుడివైపు, దిండు కింద" అని చెప్పి పోయేది. ఓ ఇల్లాలు స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయి గుమ్మం దాటబోతే, "వెనక్కి తిరగండి" అంది. ఇంత బుద్ధిమంతురాలైన గొంతుని ఎవరు కాదంటారు? అందరిళ్ళకీ వెళ్ళింది, అక్క ఇంటికి తప్ప. అందరితోనూ మాట్లాడింది, తమ్ముడితో తప్ప. అతను లిఫ్టెక్కగానే ఠక్కున ఆగిపోయేది.

అక్క కూతురి పలక తీసుకుని, చెప్పాల్సిందంతా దానిమీద రాసి చూపించేది. ఆ పలక చూసినప్పుడల్లా తమ్ముడు ఏదో ఒక పని నెత్తినేసుకునేవాడు. మందులు తెచ్చాడు, సరుకులు మోశాడు, పిల్లని బడికి దింపాడు. మా తమ్ముడు బంగారమని ఆమె పక్కింటావిడకి రాసి చూపిస్తుంటే, నిలబడ్డచోటే భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించేది.

ఇంతలో సిటీ బస్సుల ఆఫీసు నుంచి కబురొచ్చింది. బస్సుల్లో స్టాపుల పేర్లు చెప్పడానికి గొంతు కావాలట. ఆఫీసరు ఇంటికే వచ్చి వింటాడట. గొంతు నచ్చితే అక్కది, లేకపోతే మిషనుది. ఇది పోతే మళ్ళీ గొంతు పని దొరకదని అక్కకి తెలుసు, తమ్ముడికీ తెలుసు. ఆఫీసరు వచ్చే రోజు దగ్గరపడుతోంది. గొంతు మాత్రం లిఫ్టు దిగి ఇంటికి రానంటోంది.

తమ్ముడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. తను రాసింది చెరిపేశాడు. కానీ అది అప్పటికే వందలమంది ఫోనుల్లో ఉంది. ఉప్పుకారం పేరుతోనే, ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఓ క్షమాపణ రాశాడు. దానికీ నవ్వారు. ఒకడు దిండు బొమ్మ పెట్టాడు. ఇంకొకడు, అన్నా ఇది మొదటిదంత పేలలేదన్నాడు. ఎగతాళికి కాళ్ళున్నాయిగానీ క్షమాపణకి లేవని అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

ఇక లాభంలేదని గొంతుని బతిమాలడానికి మెట్లెక్కీ దిగీ వెతికాడు. వాచ్‌మన్ చూసి చూసి, "మీరొస్తేనే అది ఆగిపోతోంది సార్. దాన్నేమైనా అన్నారా?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "నేనేమంటాను? నేనెందుకంటాను?" అని గొంతు పెంచాడు. వాచ్‌మన్ కుర్చీ కొంచెం అటు తిప్పుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే తమ్ముడు అక్క ఇంటికెళ్ళాడు, అంతా చెప్పేద్దామని. అక్క కిటికీ దగ్గర కూర్చుని కూతురి గౌనుకి గుండీలు కుడుతోంది. ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, తీరా నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. "అక్కా, ఆ జోకు రాసినవాడెవడో తెలిసింది. ఉప్పుకారమని ఎవడో పనిలేనివాడట. వాడి మాట పట్టించుకుంటామా?"

అక్క సూది గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. పలక తీసుకుంది. తాపీగా రాసి అతనివైపు తిప్పింది.

"ఆ పేరు పెట్టిందెవర్రా?"

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఇన్నాళ్ళూ తను చేసిందదే. అక్కకి మొదటిరోజే తెలుసు. తను తెచ్చిన మందులు తెలిసే మింగింది, తెలిసే బంగారమని రాసింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేనే రాశాను, నీ గొంతని తెలిసే రాశాను, నా నోరు పడిపోనూ అన్నాడు. అక్క ఏడవనిచ్చింది. తర్వాత పలక తుడిచి మళ్ళీ రాసింది.

"ఊళ్ళోవాళ్ళు నవ్వితే నాకేంటి? దుప్పట్లు మోసింది నువ్వు కదా."

అతను చదివాడని చూసి, తుడిచి, చివరిగా ఒక్కటి రాసింది. ఆఫీసరు వచ్చే రోజు నువ్వు ఈ ఛాయల్లో ఉండకు అని.

ఆ రోజు తమ్ముడు సెలవు పెట్టి, ఊరి అవతలి పార్కులో ఓ బెంచీ మీద కూర్చున్నాడు. ఫోను తీశాడు, చెప్పడానికి ఏ అభిప్రాయమూ లేక లోపల పెట్టేశాడు. పొద్దెక్కుతుంటే మేనకోడలు ఫోను చేసింది. ఆఫీసరు లిఫ్టెక్కితే, "మూడో అంతస్తు, కుడివైపు. గుమ్మం ఎత్తుగా ఉంటుంది, చూసుకోండి" అని గొంతు చెప్పిందట. ఆయన చెప్పులు విప్పుతూ, ఈ గొంతు మీదేనా, ఎప్పుడూ బయటే ఉంటుందా అని అడిగాడట. గొంతు సిగ్గుపడ్డట్టు ఆయన వెనకే ఇంట్లోకొచ్చి, అమ్మ నోట్లోకి వెళ్ళిపోయిందట. పని అమ్మకే ఇచ్చారు మావయ్యా అంది పిల్ల. తమ్ముడు బెంచీ మీదే దణ్ణం పెట్టుకున్నాడు.

సాయంత్రం పరుగున మెట్లెక్కాడు. లోపల అక్క పక్కింటావిడతో గలగలా మాట్లాడుతోంది. ఎన్నాళ్ళకి విన్నాడో ఆ గొంతు! అతను గుమ్మంలో కాలు పెట్టగానే మాట సగంలో తెగిపోయింది. అక్క గొంతు పట్టుకుని చూసుకుంది, దగ్గింది, లాభం లేకపోయింది. పలక అందుకుంది. "నేను ఆపట్లేదురా, అదే ఆగిపోతోంది" అని రాసింది. అక్క మొహంలో కోపం లేదు, జాలే ఉంది. తమ్ముడిని ఆ జాలే ఎక్కువ బాధ పెట్టింది.

అప్పట్నించీ అంతే. ఊరందరితో అక్క మాట్లాడుతుంది, తమ్ముడితో పలకే. బస్సుల్లోనూ అంతే. పాత మిల్లు వస్తోంది, కళ్ళాసుపత్రి వస్తోంది, రెండు వంతెనలు వస్తోంది, దిగేవాళ్ళు ముందుకు రండి అని అక్క గొంతు వరసగా చెబుతుంది. నీళ్ళ ట్యాంకు స్టాపు దగ్గరికొచ్చేసరికి, అతను బస్సులో ఉంటే మాత్రం మౌనం. అది అతను దిగే స్టాపు. తోటి ప్రయాణికులకి అలవాటైపోయి, అతన్ని చూడగానే వాళ్ళే కిటికీలోంచి చూసుకుని దిగేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అంటే బాగుండుననిపించేది. ఫోనులో రాయడం మానేశాడుగానీ, ఉప్పుకారమెవరో బస్సులో వాళ్ళకి తెలీదు, ఆఫీసులో తెలీదు. ఆ పేరు చాటున అతనింకా దాక్కునే ఉన్నాడు.

ఓ సాయంత్రం ముందు సీట్లో ఆఫీసు కార్డులు మెళ్ళో వేసుకున్న ఇద్దరమ్మాయిలు ఫోను చూసి పడీపడీ నవ్వుతున్నారు. పాత వీడియోనే. గుర్రుపెట్టే తాత, ఎడమవైపు తిరగమనే అక్క. "ఇది మొదలెట్టింది ఉప్పుకారమే. ఏం రాశాడే మహానుభావుడు!" అంది ఒకమ్మాయి.

తమ్ముడి చెవులు వేడెక్కాయి. కిటికీలోంచి బయటికి చూడొచ్చు, రోజూ చేసేది అదే. చూడబోయి ఆగాడు.

"ఆ ఉప్పుకారాన్ని నేనేనమ్మా" అన్నాడు. అనుకున్నదానికన్నా గట్టిగానే వచ్చింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. "ఆ గొంతు మా అక్కది. స్టాపులు చెబుతోందే, ఇదీ మా అక్కే. నిద్రా లేదు ఏమీ లేదు, బంగారం లాంటి గొంతు. తెలిసి తెలిసి వెటకారం చేశాను."

అమ్మాయి ఫోను ఆపేసింది. మెల్లగా, "అక్కకి చెప్పారా?" అని అడిగింది.

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఇంకా ఏమీ అనలేదు."

ఆమె తలూపింది. నిలబడ్డవాళ్ళు పైకడ్డీలు పట్టుకుని మళ్ళీ ఎవరి ధ్యాసలో వాళ్ళు పడ్డారు. రెండు వంతెనలు దాటింది. తన స్టాపు తనే చూసుకోవాలి కాబట్టి, అలవాటు ప్రకారం తమ్ముడు సంచీ భుజానికి తగిలించుకుని లేచి, వంగి కిటికీలోంచి చూశాడు.

"ఒరేయ్ ఉప్పుకారం" అంది అక్క గొంతు, బస్సంతా వినబడేలా. "నీళ్ళ ట్యాంకొచ్చింది. మెట్టు చూసుకుని దిగు."

అతను కడ్డీ పట్టుకుని నిలబడిపోయాడు. బస్సు ఆగింది. కండక్టరు టికెట్లు చింపుతూ తలెత్తి, "ఉప్పుకారమంటే మీరేగా? పిలుస్తున్నారు, దిగండి" అన్నాడు.

"నేనేనండి" అన్నాడు తమ్ముడు. కళ్ళు తుడుచుకుని, ఏ అభిప్రాయమూ చెప్పకుండా, మెట్టు చూసుకుని దిగాడు.