గడ్డిబండి అడుగు రేకు

సంచిలో గుండీలున్న చొక్కాలు పెట్టలేదు. కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉన్నవాడు గుండీలు ఎలా పెట్టుకుంటాడు? రెండు బనియన్లు, మూడు లుంగీలు, తువ్వాలు, కొత్త నిబంధన, చిన్న సీసాలో నిమ్మకాయ ఊరగాయ పెట్టాను. సీసా మూతకు గుడ్డ బిగించి కట్టాను. మళ్ళీ విప్పి వదులుగా కట్టాను. ఒక్క చేత్తో విప్పుకోవాలి కదా. అది చూసి నా తమ్ముడు హెబ్రోను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

అది 1962 డిసెంబరు మూడో తేదీ. మద్రాసు పెద్దాసుపత్రిలో వాడి చేతికి ఇంకో ఆపరేషను చెయ్యాలన్నారు. బిట్రగుంట స్టేషనుకు ఎడ్లబండిలో తీసుకెళ్ళాను. రైలు కదిలే ముందు కిటికీలోనుంచి ఒక్కటే అడిగాడు.

"అక్కా, నా పోస్టు ఉంటదా?"

"ఉంటది. నువ్వొచ్చిందాకా నేను చూసుకుంటా."

ఎలా చూసుకుంటానో ఆలోచించకుండానే అన్నాను. రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆలోచించాను.

మేము మిషను వారి ఆడపిల్లల బడిలో పనివాళ్ళం. సముద్రానికి రెండు మైళ్ళ దూరం. పన్నెండెకరాల ఆవరణ. కార్తీక వానలకు గడ్డి మోకాలెత్తు లేచేది, అందులో కట్లపాములు తిరిగేవి. నేనూ, నా స్నేహితురాలు పేరమ్మా, ఇంకా నలుగురు ఆడవాళ్ళం కొడవళ్ళతో కోసేవాళ్ళం. అంతకు ముందు సంవత్సరం మిషను దొరగారు వాళ్ళ దేశం నుంచి ఓడలో ఒక గడ్డికోత యంత్రం తెప్పించాడు. మనిషి పైన కూర్చుని నడుపుతాడు. అడుగున బోర్లించిన మూకుడులాంటి వెడల్పాటి ఇనుప రేకు ఉంటుంది. దానిలోపల కత్తి గిరగిరా తిరిగి గడ్డిని కోస్తుంది, కోసిన గడ్డి పక్కనున్న నోట్లోంచి బయటికి ఎగిరిపడుతుంది. మేమందరం దాన్ని గడ్డిబండి అనేవాళ్ళం. నడపటానికి హెబ్రోనును పెట్టారు. మా ఇంట్లో నెలజీతం పోస్టు అదే మొదటిది.

గడ్డి ఎగిరిపడకుండా రేకు లోపలే అంటుకుపోయేది. పొర మీద పొర పేరుకుని, నోరు మూసుకుపోయి, ఇంజను దగ్గేది. అప్పుడు హెబ్రోను దిగి, కత్తి తిరుగుతుండగానే నోట్లో చెయ్యి పెట్టి ముద్దను లాగేసేవాడు. ఇంజను ఆపితే మళ్ళీ పట్టుకోవటానికి తాడు పదిసార్లు లాగాలి, అందుకు. ఎన్నిసార్లు అలా చెయ్యి పెట్టాడో లెక్కలేదు. నవంబరు ఇరవయ్యో తేదీన రెండు వేళ్ళు పూర్తిగా, ఒకటి సగం పోయాయి.

స్టేషను నుంచి నేరుగా మేనేజరు జీవానందం అయ్యగారి గదికి వెళ్ళాను.

"నాకూ బాధగానే ఉంది రెబెక్కమ్మా," అన్నాడాయన. "కానీ ఫిబ్రవరిలో మిషను కమిటీ కూర్చుంటుంది. మనిషిని కొరికిన బండి మనకెందుకు, అమ్మెయ్యండి అంటారు. బండి పోతే పోస్టు పోయినట్టే."

"కమిటీ వచ్చిందాకా బండి నేను నడపతానయ్యా."

"నువ్వా?"

"చీర గోచి పోసి కూర్చుంటా. మా తమ్ముడు మద్రాసు పోయే ముందు ఎడమచేత్తో అన్నీ చూపించినాడు. ఏది నొక్కితే ఏమవుతాదో నాకు తెలుసు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కమిటీ ముందు బండి ఒక్కసారి కూడా ఆగకుండా ఆటస్థలమంతా కొయ్యాలి. అడుగున ఎవరి చెయ్యీ పోకూడదు. అది చూపిస్తే పోస్టు ఉంచమని నేనే అడుగుతాను."

నాకు అప్పటికి నలభై రెండేళ్ళు. రాత్రి పడుకుంటే చెయ్యి నొప్పి పుట్టేది, నా చెయ్యే. భయం అలా ఉండేది. అందుకని మొదట ఒక నియమం పెట్టుకున్నాను. ఇంజను ఆపాలి, చల్లారాలి, ప్లగ్గు ఊడదీసి నా కొంగున ముడేసుకోవాలి. ప్లగ్గు లేనిదే ఇంజను పట్టుకోదు. ప్లగ్గు నా కొంగులో ఉంటేనే ఎవరి చెయ్యైనా బండి కిందికి వెళ్ళేది.

మరునాడు తెల్లవారగానే ప్రార్థన ముగించి బండెక్కాను. అరగంట నడిచింది. దగ్గింది. ఆగింది. చల్లారేదాకా కూర్చుని, ప్లగ్గు తీసి, ముందు చక్రాలను ఇటుకల మీదికి ఎక్కించి, తాటిమట్ట చెక్కతో గీకాము. రెండు గంపల పచ్చి ముద్ద వచ్చింది.

పేరమ్మ ఒక ముద్దను అరచేతుల మధ్య గుండ్రంగా తట్టింది. "అక్కా, ఇది పిడకలు చేసే మిషనని నాతో ఎవురూ చెప్పలేదే. గోడకు కొట్టేదా?"

"కొట్టు. ముందు నీ నోటికి కొట్టుకో."

నవ్వుకున్నాము గానీ నాకు లోపల గుబులుగానే ఉంది. వారం రోజులు అదే తంతు. అరగంట కోత, గంటసేపు గీకుడు.

జువ్వలదిన్నెలో మస్తానయ్య అని పడవలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. పడవ అడుగున నాచూ గుల్లలూ పట్టకుండా ఆయన ఏదో పూస్తాడని గుర్తొచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక నడిచి వెళ్ళాను. చేపనూనె, మరగబెట్టింది, ఒక డబ్బా నిండా ఇచ్చాడు. అది తెచ్చి రేకు లోపల మందంగా పూశాను. ఎంత ఎక్కువ పూస్తే అంత మేలనుకున్నాను.

ఆవరణలో ఉన్న పిల్లులన్నీ షెడ్డు ముందుకు వచ్చాయి. మరునాడు కోతకు వెళితే అరగంట కూడా పట్టలేదు. గడ్డి, ఇసుక, నూనె కలిసి రొట్టెలా అయింది. దాన్ని గీకటానికి పొద్దు వాలింది.

"గడ్డి తినే బండికి చేపల పులుసు పెట్టినావు," అంది పేరమ్మ. "అరగలేదు పాపం."

మళ్ళీ మస్తానయ్య దగ్గరికి వెళ్ళాను. ఆయన వలకు దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎన్నాళ్ళు ఎండబెట్టినావమ్మా?"

"ఎండబెట్టేదేంది? పూసినా, తోలినా."

"చాల్లే. తడి నూనె మీద ఏదైనా అంటుకోకుండా ఉంటాదా? పడవకైతే పూసి, ఎండలో పెట్టి, మళ్ళా పూసి, మళ్ళా ఎండబెడతాం. కొయ్యైతే కొంచెం తాగుతాది. నీది ఇనుము, అది తాగదు. గుడ్డతో పల్చగా తుడువు. ఎండకు పెట్టు. చెయ్యి పెడితే అంటకూడదు, జారాల. అప్పుడు ఇంకోసారి తుడువు."

"ఎన్నిసార్లు?"

"నేను పడవకు మూడుసార్లు పూస్తా. నీకు తొందరుంటే మద్రాసు మెకానిక్కుల దగ్గరికి పో."

మద్రాసు మాట వినగానే నాకు హెబ్రోను గుర్తొచ్చాడు. తల ఊపి వచ్చేశాను.

రేకును పట్టి ఉంచే చీలలు తీస్తే అది విడిగా వస్తుంది. నలుగురం మోసి గోడ పక్కన ఎండలో పెట్టాము. శుభ్రంగా రుద్ది, ఆరబెట్టి, నూనె తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచాను. మూడు పూతలకు పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆవరణను మళ్ళీ కొడవళ్ళతోనే కోశాము.

ఆ రోజుల్లోనే అసలు సంగతి దొరికింది. ఒకరోజు తొమ్మిది గంటలకు పేరమ్మ నడుము నిటారుగా చేసి కొడవలి భుజాన వేసుకుంది.

"ఇంక చాలక్కా. మంచు ఆరిపోయింది. గడ్డి గట్టిపడి చేతులు కోస్తా ఉండాది."

మా అమ్మ కూడా అదే చెప్పేది. గడ్డి మంచులోనే కొయ్యాలి, మెత్తగా తెగుతుంది. మా ఇంట్లో అందరం చీకటితో లేచి మంచులో గడ్డి కోసినవాళ్ళమే. హెబ్రోనుకు బండి ఇచ్చినప్పుడు కూడా వాడు చీకటితోనే లేచి, అదే మంచులో నడిపాడు. కొడవలి పట్టిన చేతికి తడి గడ్డి మేలు. బండికి కోసుకుపోయే చెయ్యి లేదు. దానికి తడి ఎందుకు? ఆ తడికే గడ్డి రేకుకు అంటుకుంటున్నది. ఏడాది పాటు మేమంతా దాన్ని కూడా కొడవలి పట్టిన మనిషే అనుకున్నాము.

గడ్డిలో అక్కడే కూర్చుండిపోయాను. ఒక్కరం ముందుగా ఆలోచించి ఉంటే వాడి వేళ్ళు వాడికి ఉండేవి. పేరమ్మ వచ్చి పక్కన కూర్చుంది, ఆ పూట ఏమీ ఎగతాళి చెయ్యలేదు.

ఎండలో నడుపుతానంటే జీవానందం అయ్యగారు ఒప్పుకోలేదు. పాఠాలు జరిగేటప్పుడు ఆ మోత కుదరదన్నాడు. సరే, మూడున్నరకు బడి వదిలాక మొదలుపెట్టాను. అప్పటికి సముద్రపు గాలి తిరిగి గడ్డి గలగలలాడుతుంది. ఎత్తు గడ్డినైతే మొదట కత్తిని పైకి పెట్టి సగం కోసేదాన్ని. రెండు రోజులాగి కిందికి దించి మిగతాది. ఇంజను పూర్తి వేగంతో తిరగాలి, బండి మాత్రం నెమ్మదిగా నడవాలి. రోజూ పని అయ్యాక ప్లగ్గు కొంగున కట్టుకుని, చెక్కతో ఒకసారి గీకి, పొడిగుడ్డతో తుడిచేదాన్ని. రేపటికి వదిలితే ఆ పలచటి పొర రాయిలా బిగుస్తుంది. నూనెపూత తగ్గిన చోట శనివారం తుడిచి ఆదివారమంతా ఎండకు పెట్టేదాన్ని. జనవరి నెలంతా బండి ఒక్కసారీ దగ్గలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో కమిటీ వచ్చింది. ముందురోజు సాయంత్రం అయ్యగారు కబురు పెట్టాడు. పెద్దలు పదింటి రైలుకు నెల్లూరు వెళ్ళిపోవాలట. కోత పొద్దున ఏడింటికి చూపించాలట.

నేను ఏడింటికి వెళ్ళాను. గడ్డి మీద అడుగు పెడితే పాదం తడిసిపోయింది. వరండాలో ఆరుగురు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు కొయ్యనయ్యా," అన్నాను.

అయ్యగారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇంతమంది ముందు ఈ పంతమేంది? కొంచెం కోసి చూపించు, చాలు."

"కొంచెం కోసినా అంటుకుంటాది. అంటుకుంటే ఆగుతాది. మీరే కదయ్యా ఆగకూడదన్నది?"

"వాళ్ళు వెళ్ళిపోతే పోస్టు పోతుంది."

"తడిలో కోసి ఆగినా పోస్టు పోతాది. మంచు ఆరిందాకా కూర్చోమనండి."

బండి చక్రం పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళలో కావలి నుంచి వచ్చిన మగ్దలీనమ్మ టీచరుగారని ఒకావిడ ఉన్నారు. ఆవిడ మెట్లు దిగి వచ్చి, వంగి గడ్డిని తాకి, తడిసిన వేళ్ళను మిగతావాళ్ళకు చూపించారు.

"ఈ తడిలోనే ఆ అబ్బాయి వేళ్ళు పోయింది," అన్నారు. "మధ్యాహ్నం రైలుకు పోదాం. కాఫీ పెట్టించండి జీవానందం గారూ."

పదకొండింటికి బండెక్కాను. ఆ పూటకు బడి వదిలేశారు. ఆటస్థలం ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒక్కసారి కూడా ఆగకుండా, గంటా పావు. కోసిన గడ్డి పక్కన వరసగా పడింది. దిగి, చల్లారబెట్టి, ప్లగ్గు కొంగున ముడేసి, బండి ముందుభాగం ఎత్తించి చూపించాను. అడుగు రేకు మీద పలచటి పచ్చపొడి తప్ప ఏమీ లేదు. మగ్దలీనమ్మగారు చీపురుపుల్లతో గీస్తే అదీ రాలింది.

బండి అమ్మవద్దని, హెబ్రోను తిరిగి వచ్చేదాకా ఆ పోస్టు అతని పేరునే ఉంచాలని, అంతవరకు నేను నడపాలని ఆ రోజే రాసుకున్నారు. ఆ కాగితం నకలు అడిగి తీసుకుని, కూడబలుక్కుని నాలుగుసార్లు చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు మద్రాసుకు ఉత్తరం రాశాను. ఎండిన నూనె గురించి, మంచు గురించి, కొంగున కట్టే ప్లగ్గు గురించి కూడా రాశాను. ఇక నీ చెయ్యి కిందికి పోనక్కరలేదు అని రాశాను.

నెలకు జవాబు వచ్చింది, ఎడమచేతి రాత. హార్బరు దగ్గర గోడౌనుకు కాపలా పని దొరికిందట. "ఆ బండి మోత నేను వినలేనక్కా. నువ్వే నడుపు," అని ఉంది.

నేను రెండుసార్లు మద్రాసు వెళ్ళి రమ్మని అడిగి వచ్చాను. పోస్టు వాడి పేరు మీదే నాలుగేళ్ళకు పైగా ఉంది, బండి నేనే నడిపాను. 1962 డిసెంబరు మూడున వెళ్ళిన హెబ్రోను తిరిగి రాలేదు. 1967 జూన్ పద్దెనిమిదిన అక్కడే చనిపోయాడు.