అమ్మాయి నంబర్ ఎందుకమ్మా

"నువ్వెట్లాగూ ఇంట్లనే ఉంటవ్ గద, సంఘానికి ఒక యాప్ చేసియ్యరాదు?" అన్నాడు మా ఆయన. నేనప్పుడు చారు కోసం చింతపండు పిసుకుతున్నాను. ఒక చేయి గిన్నెలో ఉంది, రెండో చేత్తో ఆఫీసు మీటింగ్ కోసం చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్ జారిపోకుండా పట్టుకున్నాను. ఇంట్లోనే ఉంటానన్నది నిజమే. ఇంట్లో ఉండి, విద్యానగర్‌లోని ఒక చిన్న కంపెనీకి యాప్‌లు తయారుచేసి వాటిని ఫోన్ల స్టోర్లలో పెట్టించే పని చేస్తాను. ఆ జీతంతోనే ఈ ఫ్లాట్ లోను తీరుతోంది. అయినా మా అత్తగారు హనుమమ్మ దృష్టిలో అది "ఫోన్ గెలుకుడు". మా ఆయన ఫణికిరణ్ దృష్టిలో అది "ఖాళీగ ఉండకుండ ఏదో ఒకటి". ఆయన మాత్రం ఖాళీగా ఉండడు, మా కుల సంఘానికి జాయింట్ సెక్రటరీ. ఆ హోదాలో ఆయన చేసే పని, ఆదివారాలు సంఘం పెద్దలను చిక్కడపల్లిలోని మా ఇంటికి పిలవడం. నేను చేసే పని, వాళ్లకు మిర్చి బజ్జీలు వేయడం. సంఘసేవ ఇద్దరం చెరిసగం పంచుకున్నామని ఆయన సభల్లో చెబుతుంటాడు.

యాప్ అంటే పెళ్లి సంబంధాల యాప్. ఇన్నాళ్లూ ఏటా ఒక పరిచయ వేదిక పుస్తకం అచ్చువేసేవాళ్లు, ఇప్పుడు కాలం మారింది కాబట్టి ఫోన్‌లో కావాలట. పేరు "మనోళ్ల సంబంధాలు". ఆ ఆదివారం పెద్దలంతా సోఫాల్లో కూర్చున్నారు, నేను ల్యాప్‌టాప్ పట్టుకుని భోజనాల బల్ల దగ్గరి కుర్చీలో కూర్చున్నాను. ప్రెసిడెంట్ ఇంద్రసేన గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. దర్పం చూపించడానికి ఆయనకిక సంఘం తప్ప వేరే చోటు మిగల్లేదు. అబ్బాయి వివరాల్లో జీతం రాయాలా వద్దా అన్నది అబ్బాయి ఇష్టానికి వదిలేశారు. అమ్మాయి వివరాల్లో ఎత్తు, రంగు, వంట తప్పనిసరి. చామనఛాయలో మళ్లీ రెండు రకాలు పెట్టాలా అని టీ చల్లారేదాకా వాదించుకున్నారు. ఆ గదిలో కూర్చున్నవాళ్లలో తెలుపు అని రాసుకోదగ్గ మనిషి ఒక్కడూ లేడు. పైగా ఒకాయన బజ్జీ నూనె చొక్కా మీద పడేసుకుని, తుడుచుకోవడానికి గుడ్డ ఇమ్మన్నట్టు నావైపు చెయ్యి చాపాడు.

"అమ్మాయి ఫోన్ నంబర్ ఎక్కడ పెట్టమంటరు?" అని అడిగాను.

"అమ్మాయి నంబర్ ఎందుకమ్మా?" అన్నారు ఇంద్రసేన గారు, చాలా ప్రేమగా. "తండ్రి ఉంటడు. తండ్రి లేకుంటే అన్న ఉంటడు."

"అబ్బాయిలకు?"

"అబ్బాయి నంబర్ అబ్బాయిదే. ఉద్యోగం చేసెటోడు గద."

ఉద్యోగం చేసే అమ్మాయి ఒకతె ఎదురుగా కూర్చుని ఇది రాసుకుంటోందని వాళ్లలో ఎవరికీ తోచలేదు. వాళ్లు చెప్పినట్టే చేశాను. ఎందుకు కాదనలేదంటే, కాదనడానికి కూడా కాస్త విలువ ఉన్న మనుషులు కావాలి. అత్తగారి మందులు, సుల్తాన్ బజార్‌లో ఫాల్ కుట్టడానికిచ్చిన చీరలు, ఆఫీసు పనుల మధ్యలో ఇదీ ఒకటనుకున్నాను. స్టోర్‌లో పెట్టాలంటే ముందు ఎవరో ఒకరి పేరు మీద ఖాతా తెరవాలి. సంఘం పేరు మీద తెరుద్దామంటే రిజిస్ట్రేషన్ కాగితాలు కావాలి, అవి పాత సెక్రటరీ దగ్గరున్నాయి. ఆయన వీళ్లతో మాట్లాడడు. మా ఆయన తన పేరు పెట్టమని ముందు హుషారుగా అన్నాడు. యాప్‌లో ఏ తప్పు జరిగినా ఆ ఖాతా మనిషే జవాబు చెప్పుకోవాలని చెప్పగానే, "ఎవరి పేరైతే ఏంది, పని గావాలె గద" అని తప్పుకున్నాడు. అలా ఖాతా నా గుర్తింపు కార్డుతో, నా పేరు మీద తెరుచుకుంది.

స్టోర్‌కు పంపేముందు ప్రయత్నంగా సంఘం కుటుంబాలకు మాత్రం యాప్ లింకు ఇచ్చాం. అందరికన్నా ముందు వివరాలు నింపింది మా బావ వెంకటేశ్, మా ఆయన అన్న. కూతురు సంజనవి పెట్టాడు. ఆ పిల్ల అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. ప్రిలిమ్స్ గట్టెక్కింది, మెయిన్స్ దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం లైబ్రరీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. హవాయి చెప్పులు, చేతిలో సగం ఖాళీ అయిన నీళ్ల సీసా. వచ్చి కూర్చోలేదు.

"చిన్నమ్మా, గీ యాప్‌ల నా ఫోటో ఎవరు పెట్టిన్రు?"

"మీ నాయన. నీకు చెప్పలేదా?"

"నా పక్కన కూర్చొని చదివే పిల్ల చూపించింది. కింద ఏం రాసిండో చూసినవా? పెళ్లి కుదిరితే చదువు మానిపిస్తము అని రాసిండు. అడిగితే ఏమన్నడో తెలుసా, సంబంధం వస్తే హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి రమ్మన్నడు. మెయిన్స్ రాయకుండనే. తీసెయ్ చిన్నమ్మా."

మానిపిస్తము. నాకు ఒళ్లు మండింది. నా పెళ్లికి ముందు అచ్చయిన పరిచయ వేదిక పుస్తకంలో నా పేరు కింద మా నాన్న కూడా "అవసరమైతే ఉద్యోగం మానగలదు" అని రాయించాడు. ఆ సంగతి నాకు తెలిసింది కాపురానికి వచ్చాక, అత్తగారి నోటినుంచి. నేను అలసిపోయానన్న ప్రతిసారీ ఆవిడ, "మీ నాయన రాసిచ్చిందే గద, మానెయ్" అనేది. జీతం మాత్రం మానమనలేదు. తల్లీకొడుకులిద్దరూ పిల్లనిచ్చిన మామ రాతల గురించి మాట్లాడుకుని నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు నేను కట్టిన యాప్‌లోనే అదే మాట మళ్లీ ఎక్కింది. అక్కడికక్కడే సంజన వివరాలు తీసేశాను. పిల్లకు పెరుగన్నం పెట్టి పంపించాను. సాయంత్రానికి బావ మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టాడు, ఈసారి ఫోన్ కూడా చేశాడు, నాకు కాదు, తమ్ముడికి.

"మా అన్న బిడ్డ, మా అన్న పెట్టుకున్నడు. నడిమిట్ల నువ్వెవరు?" అన్నాడు మా ఆయన.

"వండినోళ్లు వడ్డించాలె గని, ఎవరికి పెట్టాల్నో వాళ్లు చెప్తరా?" అంది అత్తగారు టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా.

ఆ వారమే యాప్‌ను స్టోర్‌కు పంపాల్సి వచ్చింది. ఆవిష్కరణ తేదీ పెట్టేశారు, నారాయణగూడలో హాలు మాట్లాడేశారు, చిక్కడపల్లి చౌరస్తాలో మా ఆయన నమస్కారం పెడుతున్న ఫ్లెక్సీ కూడా లేచింది. ఐకాన్‌లో ప్రెసిడెంట్ గారి ఫోటో ఉండాలని పట్టుబట్టారు. పెట్టి చూపించాను. గోరంత బొమ్మలో ఆయన మీసం తప్ప ఏమీ కనబడలేదు, అప్పుడు మానుకున్నారు. యాప్ స్క్రీన్‌షాట్లు తీశాను, పరిచయం రాశాను, ఎవరి వివరాలు ఎవరికి చూపిస్తామో ఒప్పుకుంటూ ఒక పేజీ రాశాను, పరీక్షించే వాళ్ల కోసం ఒక ఉత్తుత్తి లాగిన్ ఇచ్చాను. పంపాను. స్టోర్ వాళ్లు తిప్పి పంపారు.

సంఘం పెద్దలు మళ్లీ మా ఇంట్లోనే కూడారు. స్టోర్ వాళ్ల జవాబు తెలుగులో చెప్పాను. "యాప్‌ల చేరనిస్తున్నరు గని, చేరిన మనిషి తన ఖాతను తనే తీసేసుకునే దారి కనబడలేదట. అది పెట్టేదాక ఒప్పుకోరట."

"తీసేసుకునుడేంది?" అన్నాడు మా బావ. "పెట్టింది తండ్రి. తీసేది తండ్రి."

"ఆ కంపెనీల మనోళ్లు ఎవరన్న ఉన్నరేమో జూడు," అన్నారు ఇంద్రసేన గారు. "ఒక మాట చెప్పిస్తే అయిపోతది."

మనోళ్లలో కొండాపూర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడనుకున్న పవన్‌కుమార్‌కు ఫోన్ చేశారు. అతను పాపం మర్యాదగా, తాను ఒక మందుల కంపెనీలో జీతాల లెక్కలు చూస్తానని చెప్పాడు. అయినా ఒక మాట చెప్పి చూడమన్నారు. ఎవరికి చెప్పాలని అతను అడిగాడు. ఆ సంగతి వీళ్లకు తెలిస్తే అతని దాకా ఎందుకు వెళ్తారు. ఫోన్ పెట్టేశాక మా ఆయన నావైపు తిరిగి, "ఏదో ఒక బటన్ పెట్టు, పని జెయ్యకున్న మంచిదే. లేకుంటే నొక్కితే తండ్రి ఫోన్‌కు పోయేటట్టు పెట్టు. వాళ్లు చూస్తరు, పోతరు" అన్నాడు. అందరూ తలలూపారు. అంత తెలివి మా ఇంటి గోడల మధ్య ఉన్నందుకు అంతా సంతోషించారు.

వాళ్లు వెళ్లాక ప్లేట్లు కడుగుతూ ఆ జవాబు గురించే ఆలోచించాను. ఎక్కడో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి. మా కులం తెలియదు, మా గోత్రాలు తెలియవు, సంజన ఎవరో తెలియదు. యాప్ తెరిచి నాలుగు చోట్ల నొక్కి చూసి, ఇందులోకి వచ్చినవాళ్లు వద్దనుకుంటే ఎటు పోవాలి అని అడిగాడు. లేదా అడిగింది. మా ఇంట్లో ఇంతమంది పెద్దలు, ఇన్ని ఆదివారాలు, ఇన్ని బజ్జీలు తిని ఒక్కరూ అడగని ప్రశ్న అది. నేను కూడా అడగలేదు, అడిగితే వినే మొహాలు కావని. వినకపోతే పోనీ. మా ఆయన చెప్పినట్టు తండ్రి ఫోన్‌కు పోయే బటన్ పెడితే స్టోర్ ఒప్పుకునేదే, ఎందుకంటే వీళ్ల లెక్కలో ఖాతా తండ్రిదే. బటన్ ఉంటే స్టోర్ వాళ్లకు చాలు. ఆ ఖాతా అసలు ఎవరిదో తేల్చమని వాళ్లు నన్ను అడగలేదు. అది మాత్రం నేను తేల్చదలచుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తున్నప్పుడు కూర్చున్నాను. పెద్ద పనేమీ కాదు. అమ్మాయి వివరాలు ఎవరు నింపినా సరే, అమ్మాయి సొంత నంబరు ఇవ్వాలి, ముందే ఎక్కిన తండ్రి నంబరు మళ్లీ ఇస్తే తీసుకోదు. ఆ నంబరుకు ఒక కోడ్ వెళ్తుంది. ఆ కోడ్ చెబితేనే వివరాలు పైకి కనబడతాయి, తర్వాత ఎప్పుడు వద్దనుకున్నా ఆ అమ్మాయే తన ఫోన్ నుంచి తీసేసుకోవచ్చు. కోడ్‌తో పాటు వెళ్లే సందేశం నేనే రాశాను: "మీ వివరాలు పెళ్లి సంబంధాల్లో పెట్టడానికి మీ ఇంటివాళ్లు మీ అనుమతి అడుగుతున్నారు. ఇష్టమైతేనే ఈ నంబరు చెప్పండి." అప్పటిదాకా ఎక్కిన అమ్మాయిల వివరాలన్నీ కనబడకుండా చేశాను. పంపాను. స్టోర్ ఒప్పుకుంది.

"బటన్ పెట్టిన. ఒప్పుకున్నరు," అని ఇంట్లో చెప్పాను.

"చూసినవా? ఊకనే పరేషాన్ అయినవ్," అన్నాడు మా ఆయన. ఏం బటన్ పెట్టావని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.

ఆవిష్కరణ నాడు హాలు నిండింది. నాకు కుంకుమ భరిణె ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టారు, తర్వాత ఆడవాళ్ల వరసలో కూర్చోబెట్టారు. మా ఆయన మైకులో చాలామందికి కృతజ్ఞతలు చెప్పాడు, బయట షామియానా వేసినాయనకు కూడా. ముఖ్య అతిథి పెద్ద తెర మీద యాప్ తెరిచాడు. వరులు అని నొక్కితే ఫోటోలు బారులు తీరాయి, చప్పట్లు కొట్టారు. వధువులు అని నొక్కాడు. తెల్లటి తెర, మధ్యలో ఒక్క ముక్క: "ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు."

మొదట నెట్ సరిగా లేదనుకున్నారు. తర్వాత ఎవరి ఫోన్‌లో వాళ్లు తెరిచి చూసుకున్నారు. అమ్మాయి నంబరు అడుగుతోందని ఒకాయన అరిచాడు. అంతే, హాలంతా తండ్రులు ఫోన్లు చెవికి పెట్టుకున్నారు. సగం మంది ముందు ఫోన్ చేసింది కూతుళ్లకు కాదు, నా పక్కన కూర్చున్న వాళ్ల భార్యలకు. బిడ్డ నంబరు ఎంత, అని. బిడ్డ పుట్టిన నక్షత్రం పాదంతో సహా చెప్పగలిగిన మనుషులు. కొంతమంది అమ్మాయిలు కోడ్ చెప్పారు కూడా. ఇష్టంగా చెప్పారో, భయపడి చెప్పారో నాకు తెలియదు. కానీ అందరినీ అడగాల్సి వచ్చింది.

మా బావ గోలలో వినబడదని స్పీకర్ పెట్టాడు. "బిడ్డా, నీ ఫోన్‌కు ఒక నంబర్ వచ్చింది జూడు. జర చెప్పు."

"వచ్చింది నాన్నా. చదివిన," అంది సంజన.

"చెప్పు మరి."

"ఇష్టమైతేనే చెప్పమని ఉంది నాన్నా. పరీక్ష రాసినంక ఆలోచిస్త. లైబ్రరీల ఉన్న, ఉంట." పెట్టేసింది. బావ అప్పుడు స్పీకర్ ఆపడానికి తడుముకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు విననట్టు మొహాలు తిప్పుకున్నారు.

మా ఆయన ఆడవాళ్ల వరసలోకి వచ్చి నా మీదికి వంగాడు. నవ్వు మొహానికి అలాగే అతుక్కుని ఉంది, ముఖ్య అతిథి చూస్తున్నాడు కదా. "తండ్రి బిడ్డను పర్మిషన్ అడుగుడేంది? ఇజ్జత్ తీసినవ్. ఇప్పుడే ఎన్కకు మార్చు."

"మార్చను," అన్నాను.

"సరే. గా అకౌంట్ నా పేరు మీదికి చెయ్. నేను వేరేటోళ్లతోని చేయించుకుంట. పేరు మారుతదా, మారదా?"

"మారుతది. గని దానికి నేను ఒప్పుకోవాలె."

"అయితే ఒప్పుకో."

ఒప్పుకుంటావా అని ఈయన విషయంలో నన్నెవరూ ఎన్నడూ అడగలేదు. పెళ్లికి ముందు అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని.

"ఒప్పుకోను," అన్నాను.